బ్లడ్ టెస్టులో కాల్షియం నార్మల్! అయితే ఎముకలు గట్టివేనా?

"బ్లడ్ టెస్ట్ చేయించానండీ, కాల్షియం 9.4, నార్మల్. ఇక నా ఎముకలకు ఢోకా లేనట్టేగా?" ఈ ప్రశ్న వినగానే నాకు చిర్రెత్తుకొస్తుంది. అడిగినవాళ్ల మీద కాదు, రిపోర్టు చేతిలో పెట్టి ఒక్క ముక్కయినా చెప్పకుండా పంపేసేవాళ్ల మీద. ఆ అంకె చూసి ఎముక బలం చెప్పలేం.

ఒంట్లోని కాల్షియంలో 99 శాతం ఎముకల్లో, పళ్లలో ఉంటుంది. రక్తంలో తిరిగేది పిసరంత. కానీ గుండె కొట్టుకోవాలన్నా, కండరం కదలాలన్నా ఆ పిసరే కావాలి. అది కాస్త తగ్గిందంటే మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు హార్మోన్ వదిలి, ఎముకను కరిగించైనా సరే లెక్క సరిచేస్తాయి. అందుకే ఎముక గుల్లబారుతున్నా (ఈ జబ్బు పేరే ఆస్టియోపోరోసిస్) రిపోర్టులో అంకె నిక్షేపంగా ఉంటుంది.

ఎముకను రోడ్డనుకోండి. ఎక్కడో ఒకచోట రిపేరు నడుస్తూనే ఉంటుంది. ఒక ముఠా పాతబడ్డ చోట తవ్వుతుంది: ఆస్టియోక్లాస్టులు. వెనకాలే పూడ్చే ముఠా వస్తుంది: ఆస్టియోబ్లాస్టులు. గుంత తవ్వడానికి రెండు మూడు వారాలు, పూడ్చడానికి మూడు నాలుగు నెలలు. (రోడ్ల సంగతి తెలిసినవాళ్లకు ఇందులో వింతేమీ లేదు!)

సుమారు 30 ఏళ్ల దాకా పూడ్చేవాళ్లదే పైచేయి. తర్వాత మెల్లగా తవ్వకం ముందుకెళ్తుంది. ఆడవాళ్లలో తవ్వే ముఠాను అదుపులో పెట్టే మేస్త్రీ ఈస్ట్రోజెన్. నెలసరి ఆగిపోయాక ఆ మేస్త్రీ ఉండడు. ఒకేసారి ఎన్నో చోట్ల తవ్వకం మొదలవుతుంది, పూడ్చేవాళ్లు అందుకోలేరు. నెలల తరబడి స్టెరాయిడ్ మాత్రలు వాడితే పూడ్చే ముఠాలోనే మనుషులు తగ్గిపోతారు. కాబట్టి మగవాళ్లూ, ఇది మనది కాదులే అనుకోకండి.

ఇంత జరుగుతున్నా నొప్పి ఉండదు. మోకాలి నొప్పికి మామూలుగా కారణం కీలు అరుగుదల, అది వేరే జబ్బు. దీనికి చాలాసార్లు మొదటి గుర్తే ఎముక విరగడం: మణికట్టు, తుంటి, వెన్నుపూస. వెన్నుపూస నలిగినా చాలామందికి తెలియదు. వీపు వంగుతుంది, ఎత్తు తగ్గుతుంది, వయసొచ్చిందిలే అని ఊరుకుంటారు. వయసులో ఉన్నప్పటి ఎత్తు కంటే 4 సెంటీమీటర్లు తగ్గితే డాక్టరుకు చెప్పండి.

ఎముక సాంద్రత చూసేది డెక్సా స్కాన్. అందులో టీ-స్కోరు, అంటే ఆరోగ్యంగా ఉన్న యువతతో పోలిస్తే మీ ఎముక సాంద్రత ఎంత తేడాగా ఉందో చెప్పే అంకె, మైనస్ 1 దాకా నార్మల్. మైనస్ 2.5, అంతకంటే కిందికి పోతే ఆస్టియోపోరోసిస్. మధ్యలో ఉంటే ఆస్టియోపీనియా, అంటే ఎముక కాస్త పలచబడిందని.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం, 50 దాటిన ఆడవాళ్లకు 1200, తిండితో కలిపి. విటమిన్ డి లేకపోతే అది సరిగా ఒంటబట్టదు. అయినా కంకర కుప్ప పోసినంత మాత్రాన గుంత పూడదుగా! ఎముక మీద బరువు పడాలి. టెన్నిస్ ఆటగాళ్లకు రాకెట్ పట్టే చేతి ఎముకే మందంగా ఉంటుంది. నడక, మెట్లు, బరువులెత్తడం మంచివి. ఈత గుండెకు భేష్, ఎముకకు అంతంతమాత్రం. సిగరెట్ మానేయాలి.

మందుల్లో బిస్ఫాస్ఫొనేట్లు తవ్వే ముఠా చేతులు కట్టేస్తాయి. మాత్రయితే పరగడుపున గ్లాసుడు మంచినీళ్లతో వేసుకుని, కనీసం అరగంట పడుకోకూడదు. తవ్వకాన్నే అడ్డుకునే డెనోసుమాబ్ ఇంజెక్షన్ 6 నెలలకోసారి. దీన్ని మాత్రం సొంతంగా ఆపేయొద్దు, తేదీ దాటనివ్వొద్దు. ఆపితే తవ్వకం మునుపటికంటే జోరుగా మొదలై వెన్నుపూసలు వరసగా విరిగే ప్రమాదం ఉంది. మానాలనుకుంటే బదులు ఏ మందు వాడాలో ముందే డాక్టరును అడగండి.