జాయింట్ రిటర్నా, సెపరేట్ రిటర్నా? విద్యారుణం ఉన్న దంపతుల పన్ను లెక్క

సభకు నమస్కారం.

భార్యాభర్తల్లో ఒకరికి అమెరికా ప్రభుత్వం ఇచ్చిన ఫెడరల్ విద్యారుణం ఉన్నప్పుడు, పన్ను రిటర్ను ఇద్దరూ కలిపి దాఖలు చేయాలా, విడివిడిగా చేయాలా అన్నదే ఈనాటి విషయం. భారతదేశంలో ఈ ప్రశ్నే పుట్టదు. అక్కడ ఎవరి పాన్ నంబరు మీద వారి రిటర్ను. ఇక్కడికి వచ్చి పెళ్లయ్యాక మాత్రం మనవాళ్లలో చాలామంది జాయింట్ ఫైలింగ్‌ను పెద్దగా ఆలోచించకుండానే ఎంచుకుంటారు. పన్ను ఒక్కటే చూసుకుంటే ఆ అలవాటు చాలామటుకు మంచిదే. దానికి రుణం తోడైనప్పుడే లెక్క మారిపోతుంది.

అయితే ఇది అందరికీ వర్తించే విషయం కాదు. హైదరాబాదులోనో విజయవాడలోనో ఇల్లు తాకట్టు పెట్టి, బ్యాంకు అప్పుతో ఎఫ్-1 వీసా మీద ఎం.ఎస్. చదవడానికి వచ్చినవారి నెలవాయిదా ఇక్కడ రిటర్ను ఎలా వేసినా మారదు. అమెరికాలోని ప్రైవేటు విద్యారుణాల సంగతీ అంతే. ముఖ్యంగా పౌరులు, గ్రీన్‌కార్డు ఉన్నవారు తీసుకునే ఫెడరల్ రుణాల గురించే నేను మాట్లాడుతున్నాను. అందులోనూ ఆదాయాన్ని బట్టి వాయిదా నిర్ణయించే పథకాల్లో ఉన్నవారికే దీనితో పని. మామూలు పదేళ్ల పథకంలో కడుతున్నవారు దీని జోలికి పోనక్కరలేదు.

ఆ పథకాల్లో ప్రస్తుతం ప్రధానమైనది ఐ.బి.ఆర్., అంటే ఇన్‌కమ్ బేస్డ్ రీపేమెంట్. రిటర్నులో సవరించిన స్థూల ఆదాయంగా తేలిన మొత్తంలోంచి, కుటుంబ సభ్యుల సంఖ్యను బట్టి ప్రభుత్వం ప్రకటించే దారిద్ర్య రేఖకు ఒకటిన్నర రెట్లు తీసివేసి, మిగిలినదానిలో 10 శాతాన్ని ఏడాది వాయిదాగా లెక్కిస్తారు. 2014 జులై 1కి ముందే ఫెడరల్ రుణం ఉన్నవారికైతే 15 శాతం. జాయింట్ రిటర్ను వేస్తే ఇద్దరి ఆదాయమూ ఈ లెక్కలోకి వస్తుంది. సెపరేట్‌గా వేస్తే రుణం ఉన్నవారి ఆదాయం ఒక్కటే వస్తుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒహాయోలో ఒక జంట. భార్య ఆసుపత్రిలో రెసిడెన్సీ చేస్తున్న డాక్టరు, ఏడాదికి 65,000 డాలర్లు. భర్త సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, 160,000 డాలర్లు. పిల్లలు లేరు, జీతం తప్ప వేరే ఆదాయం లేదు. ఆమెకు మెడికల్ కాలేజీ నాటి రుణం 200,000 డాలర్లు ఉంది. ఆమెకు వర్తించేది 10 శాతం రేటు. 2025 దారిద్ర్య రేఖ ప్రకారం జాయింట్‌గా వేస్తే ఆమె నెలవాయిదా సుమారు 1,610 డాలర్లు అవుతుంది. సెపరేట్‌గా వేస్తే సుమారు 346. అంటే ఏడాదికి 15,000 డాలర్లకు పైగా తేడా. ఇక పన్ను సంగతి: అదే సంవత్సరపు రేట్లతో, స్టాండర్డ్ డిడక్షన్ (ఖర్చులు విడిగా చూపకుండానే ఆదాయంలోంచి తీసివేసే స్థిరమైన మొత్తం) తీసుకుంటే, విడివిడిగా వేసినందుకు ఇద్దరూ కలిపి అదనంగా కట్టాల్సిన ఫెడరల్ పన్ను దాదాపు 800 డాలర్లు మాత్రమే. ఈ రెండు అంకెలనూ ఒకే కాగితం మీద పక్కపక్కన రాసుకున్నవారిని నేను అరుదుగా చూశాను. పన్ను చూసే సి.పి.ఎ. రుణం గురించి అడగరు, రుణం వసూలు చేసే సంస్థ పన్ను గురించి చెప్పదు.

ఇదే జంట డాలస్ పక్కన ఫ్రిస్కోలోనో ఇర్వింగ్‌లోనో ఉంటే లెక్క మళ్లీ మారుతుంది. టెక్సాస్, కాలిఫోర్నియా, వాషింగ్టన్, ఆరిజోనాతో సహా తొమ్మిది రాష్ట్రాల్లో, పెళ్లయ్యాక ఎవరు సంపాదించినా ఆ సంపాదన చట్టం దృష్టిలో ఇద్దరిదీ. కాబట్టి సెపరేట్‌గా వేసినా జీతాలు రెండూ కలిపి చెరిసగం చూపాలి. దానికి 8958 అనే ఫారం ఉంది. అప్పుడు మన డాక్టరమ్మ ఆదాయం 65,000 కాదు, 112,500. వాయిదా సుమారు 742 డాలర్లకు పెరుగుతుంది. అయితే ఆదాయాలు సమానమైపోతాయి గనుక ఈ ఉదాహరణలో అదనపు పన్ను కూడా ఉండదు. రుణం ఉన్నవారి జీతం తక్కువైతే ఈ చట్టం వాయిదాను పెంచుతుంది, ఎక్కువైతే తగ్గిస్తుంది. మన జనం ఎక్కువగా ఉండే డాలస్, బే ఏరియా, సియాటిల్ మూడూ ఈ రాష్ట్రాల్లోనే ఉన్నాయి. న్యూజెర్సీలో ఉన్న బంధువు చెప్పిన సలహాను అక్కడ యథాతథంగా పాటించడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

వాయిదా తగ్గిందంటే ఆ డబ్బు నిజంగా మిగిలినట్టేనా అన్నది అసలు ప్రశ్న. 200,000 డాలర్ల మీద 6 శాతం వడ్డీ అంటే నెలకు 1,000 డాలర్లు. 346 కడితే మిగతా వడ్డీ పేరుకుంటూ పోతుంది. ఆ డాక్టరు లాభాపేక్ష లేని ఆసుపత్రిలో కొనసాగి, ప్రభుత్వ సేవా రుణమాఫీ పథకం కింద 120 వాయిదాలు పూర్తిచేస్తే, మిగిలిన అప్పంతా ఫెడరల్ పన్ను లేకుండా రద్దవుతుంది. అప్పుడు తక్కువ కట్టిన ప్రతి డాలరూ నిజమైన మిగులే. అలా కాక నాలుగేళ్ల తర్వాత ప్రైవేటు ప్రాక్టీసులోకి వెళ్లి అప్పు మొత్తం తానే తీర్చబోతున్నట్లయితే, సెపరేట్ ఫైలింగ్‌తో అప్పు వాయిదా పడిందే తప్ప తగ్గలేదు. ఐ.బి.ఆర్.లో 20 లేదా 25 ఏళ్లకు వచ్చే మాఫీ మీద 2026 నుంచి ఫెడరల్ పన్ను కూడా పడుతుంది. నా అభిప్రాయంలో మాఫీ వస్తుందన్న గట్టి నమ్మకం లేనివారు కేవలం నెల ఖర్చు తేలికవుతుందని ఈ దారి పట్టకూడదు.

సెపరేట్ ఫైలింగ్‌తో పోయేవి మరికొన్ని ఉన్నాయి. విద్యారుణ వడ్డీ మీద 2,500 డాలర్ల వరకు ఇచ్చే మినహాయింపు పోతుంది, చదువు ఖర్చుల క్రెడిట్లు పోతాయి, డేకేర్ ఖర్చుల క్రెడిట్ సాధారణంగా రాదు. కలిసి కాపురం చేస్తున్నవారిలో ఆదాయం 10,000 డాలర్లు దాటినవారు రాత్ ఐ.ఆర్.ఎ. అనే రిటైర్మెంటు పొదుపు ఖాతాలో నేరుగా జమ చేయలేరు. ఇంటి రుణం వడ్డీ వంటివి ఒకరు విడిగా చూపితే, రెండోవారికి స్టాండర్డ్ డిడక్షన్ ఉండదు. పిల్లలున్న ఇంట్లో నేను చెప్పిన 800 డాలర్లు చాలా పెరగవచ్చు.

2025 జులై 4న సంతకమైన చట్టం, ఆదాయాన్ని బట్టి వాయిదా నిర్ణయించే పథకాల్లో సేవ్ వంటివాటికి ముగింపు పలికి, ర్యాప్ (రీపేమెంట్ అసిస్టెన్స్ ప్లాన్) అనే కొత్త పథకాన్ని తెచ్చింది. 2026 జులై 1 నుంచి తీసుకునే రుణాలకు ఆదాయాన్ని బట్టి కట్టే మార్గం అదొక్కటే. అందులో దారిద్ర్య రేఖ తీసివేత లేదు. ఆదాయం పెరిగేకొద్దీ శాతం పెరిగి, 100,000 డాలర్లు దాటితే మొత్తం ఆదాయం మీద 10 శాతం అవుతుంది. మన ఒహాయో డాక్టరుకు సెపరేట్‌గా నెలకు 325, జాయింట్‌గా 1,875. ఆధారపడిన ఒక్కొక్కరికి నెలకు 50 డాలర్లు తగ్గుతాయి గనుక, బిడ్డను ఎవరి రిటర్నులో చూపాలన్నది కూడా ఆలోచించవలసిందే. సకాలంలో కట్టినవారికి వాయిదాలో ఇమడని వడ్డీని రద్దు చేయడం ఈ పథకంలో నాకు నచ్చిన అంశం.

ఒకరు పౌరులై, రెండోవారు ఎఫ్-1 మీద పన్ను లెక్కల్లో ఇంకా నాన్‌రెసిడెంట్‌గా ఉన్న జంటల్లో, జాయింట్‌గా వేయాలంటే ఆ రెండోవారిని రెసిడెంట్‌గా పరిగణించమని ప్రత్యేకంగా కోరాలి. అలా కోరితే కూకట్‌పల్లి ఫ్లాటు అద్దె, ఫిక్స్‌డ్ డిపాజిట్ల వడ్డీ అన్నీ రిటర్నులోకి వస్తాయి, వాయిదా లెక్కలోకీ వస్తాయి.

చివరగా గడువు విషయం. ముందు సెపరేట్‌గా వేసి, తర్వాత మూడేళ్లలోపు 1040-ఎక్స్ ఫారంతో జాయింట్‌గా మార్చుకోవచ్చు. జాయింట్‌గా వేసినదాన్ని మాత్రం మామూలుగా ఏప్రిల్ 15 దాటాక సెపరేట్‌గా మార్చుకోవడానికి వీలుండదు. కాబట్టి గడువు దగ్గరపడినా లెక్క తేలని ఏడాది సెపరేట్‌గా వేసి ఉంచండి.