ఆటో ట్యూనర్‌లో ఆ టకటకలు ఏమిటి?

(తెర మీద: మూత తీసిన ఆటో ట్యూనర్. పక్కనే ఎస్‌డబ్ల్యుఆర్ మీటర్.)

ముందు ఈ శబ్దం వినండి. టకటకటకటక... టక్. రెండు మూడు సెకన్లే. 3 దగ్గరున్న ఎస్‌డబ్ల్యుఆర్ మీటరు ముల్లు 1.2కి దిగింది. హామ్ రేడియో సెట్‌కీ (దాన్నే రిగ్ అంటాం) యాంటెన్నాకీ ఎంత పొసగడం లేదో చెప్పే అంకె అది; 1 అయితే పూర్తిగా కుదిరినట్టు. ఈలోపు పెట్టెలో చాలా లెక్క నడిచింది.

మన రిగ్‌కి 50 ఓమ్స్ లోడ్ కావాలి. యాంటెన్నా మాత్రం ఫ్రీక్వెన్సీ మారినప్పుడల్లా మాట మారుస్తుంది. ఎస్‌డబ్ల్యుఆర్ 3 అంటే యాంటెన్నా వైపు వెళ్లిన పవర్‌లో పావు వంతు వెనక్కి తిరిగొస్తోందని. దాంతో రిగ్ తనను తాను కాపాడుకోవడానికి పవర్ తగ్గించేస్తుంది. అందుకే రెంటికీ పొంతన కుదర్చడానికి మధ్యలో ట్యూనర్.

(దగ్గరగా: రిలేల వరుస.)

ఈ నల్లటి డబ్బీలు రిలేలు, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్‌లు. టకటకలాడేవి ఇవే. ఒక్కో రిలే ఒక కాయిల్‌నో, కెపాసిటర్‌నో సర్క్యూట్‌లోకి తెస్తుంది, తీసేస్తుంది. విలువలు మాత్రం ఏవి పడితే అవి కావు. మొదటిది 10 పికోఫారడ్లయితే తర్వాత 20, 40, 80... అలా రెట్టింపు. ఏడు కెపాసిటర్లతోనే సున్నా నుంచి 1,270 దాకా పదేసి చొప్పున ఏ విలువైనా వస్తుంది. కాయిల్స్‌దీ ఇదే పద్ధతి. ఇంకో రిలే కెపాసిటర్లను యాంటెన్నా వైపు పెట్టాలా, రిగ్ వైపు పెట్టాలా అన్నది చూసుకుంటుంది. యాంటెన్నా ఇంపెడెన్స్ (ఓమ్స్‌లో కొలిచే అడ్డంకి) ఎక్కువైతే అటు, తక్కువైతే ఇటు.

ఏడు కాయిల్స్, ఏడు కెపాసిటర్లు, రెండు వైపులు: మొత్తం 32,768 అమరికలు. ఒక్కోదానికి 10 మిల్లీసెకన్లు వేసుకున్నా, అన్నీ చూసేసరికి ఐదు నిమిషాలు దాటిపోతుంది. మరి మనం విన్నది రెండు సెకన్లే కదా?

మీరు పిటిటి (సిగ్నల్ పంపడానికి నొక్కే బటన్) నొక్కగానే ట్యూనర్ ముందు ఫ్రీక్వెన్సీ లెక్కపెడుతుంది. నిజంగా లెక్కపెట్టడమే! ఒక మిల్లీసెకను పాటు గేటు తెరిచి ఎన్ని సైకిల్స్ వెళ్లాయో చూస్తుంది. 14,200 వచ్చాయా, అయితే 14.2 మెగాహెర్ట్జ్. ఆ నంబర్‌తో మెమరీలో వెతుకుతుంది. ఇంతకుముందు అక్కడ కుదిరిన అమరిక ఉంటే రిలేలన్నీ ఒక్కసారే టక్‌మంటాయి. పని అయిపోయింది.

మెమరీలో లేకపోతేనే అసలు వెతుకులాట. ముందు పెద్ద కాయిల్స్‌తో పెద్ద అడుగులు వేస్తుంది, ఎస్‌డబ్ల్యుఆర్ ఎటు తగ్గుతోందో చూస్తుంది. తర్వాత కెపాసిటర్లు, ఆ తర్వాత చిన్న చిన్న అడుగులు. చీకట్లో స్విచ్ కోసం గోడ తడిమినట్టు! కొన్ని ట్యూనర్లు ఫేజ్ (వోల్టేజీకీ కరెంటుకీ మధ్య ముందువెనకల తేడా) కూడా కొలుస్తాయి కాబట్టి ఎటు జరగాలో వాటికి ముందే అంచనా ఉంటుంది. కుదిరిన అమరికను ఆ ఫ్రీక్వెన్సీ పేరు మీద దాచుకుంటుంది.

ఇలా వెతికేటప్పుడు దానికి ఆగకుండా సిగ్నల్ అందాలి. ఎస్‌ఎస్‌బిలో (మాట ఉన్నప్పుడే సిగ్నల్ వెళ్లే పద్ధతి) "హలో హలో" అంటే మాటకూ మాటకూ మధ్య కొలవడానికి ఏమీ ఉండదు. అందుకే 10 వాట్ల దగ్గర క్యారియర్ (మాటల్లేకుండా ఆగని సిగ్నల్) ఇవ్వండి. ఇచ్చే ముందు ఆ ఫ్రీక్వెన్సీలో ఎవరైనా మాట్లాడుకుంటున్నారేమో వినండి, ప్లీజ్. వాళ్ల మధ్యలో మన కూత ఎవరికీ బాగుండదు.

ఒకసారి నేను డైపోల్ యాంటెన్నా తీసేసి అదే కేబుల్‌కి వర్టికల్ అనే వేరే రకం యాంటెన్నా తగిలించాను. పిటిటి నొక్కితే టక్‌మని ఒకే చప్పుడు. ముల్లు మాత్రం పైనే ఉంది. ట్యూనర్ పాడైందని టెన్షన్ పడి మూత కూడా విప్పాను. తీరా చూస్తే అది చాలా బుద్ధిగా పాత డైపోల్ అమరికనే తెచ్చి పెట్టింది. దానికి తెలిసింది ఫ్రీక్వెన్సీ నంబర్ ఒక్కటే, యాంటెన్నా మారిందని ఎవరు చెప్పారు? ట్యూన్ బటన్ నొక్కి పట్టుకున్నాను, మళ్లీ మొదటి నుంచి వెతికింది.

(తెర మీద: వేలు ట్యూన్ బటన్ మీద. టకటకటకటక... టక్.)