అంకె కాదు, స్కేలు కావాలి

ఏజెన్సీల ద్వారా ఔట్‌సోర్సింగ్‌లో పనిచేస్తున్న మున్సిపల్ అక్కలకు, అన్నలకు, యూనియన్ పెద్దలకు నమస్కారం.

ముప్పై ఏళ్లు మున్సిపల్ ఆఫీసులో జీతాల బిల్లులు చేసినవాణ్ణి. అందుకే ఈరోజు జీతం పెంపు గురించి కాదు, స్కేలు గురించి, అంటే ఏటేటా ఇంక్రిమెంట్‌తో మెట్టు మెట్టుగా పెరిగే జీతం గురించి మాట్లాడతాను.

ఆంధ్రప్రదేశ్‌లో రెగ్యులర్ ఉద్యోగులకు 2022 పీఆర్సీ (వేతన సవరణ) మాస్టర్ స్కేలు నెలకు 20,000 దగ్గర మొదలై 1,79,000 దాకా పోతుంది. అందులో 32 గ్రేడులు. అన్నిటికన్నా కింది గ్రేడు 20,000 నుంచి 61,960. ఆ గ్రేడులో చేరిన మనిషికి మొదటి మూడేళ్లు ఏటా 600 రూపాయల ఇంక్రిమెంట్, తర్వాతి మూడేళ్లు 660, ఆ పైన మూడేళ్లు 720, పదో ఏట 780. ప్రమోషన్ దొరక్కపోయినా, కొత్త పీఆర్సీ రాకపోయినా పదేళ్లకు మూలవేతనం 26,720 అవుతుంది. కరువు భత్యం (డీఏ), ఇంటి అద్దె భత్యం (హెచ్‌ఆర్‌ఏ) వేరే.

ఇక ఔట్‌సోర్సింగ్ సంగతి చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 జనవరి ఉత్తర్వులో నెల జీతానికి మూడు కేటగిరీలు పెట్టారు: 15,000, 18,500, 21,500. పారిశుద్ధ్య కార్మికుల 6,000 హెల్త్ అలవెన్సు అప్పట్లో దీనికి అదనం. తెలంగాణలో 2021 జూన్ ఉత్తర్వు ప్రకారం 15,600, 19,500, 22,750. ఎక్కడ చూసినా కేటగిరీకి ఒకే అంకె. మొదలుందిగానీ పైకి దారి లేదు. పదహారేళ్లు చీపురు పట్టిన అక్క పేరు, కిందటి నెల చేరిన కుర్రాడి పేరు, రెంటి ఎదురుగా ఒకటే అంకె వేసి బిల్లు పంపిన రోజులు నాకున్నాయి. ఆ సంతకాలు ఇప్పటికీ బాధపెడతాయి.

కేటగిరీలోనూ చిక్కుంది. ఒకాయన కాగితం మీద వర్కర్, చేసేది మేస్త్రీ పని. తెల్లవారుజామున మస్టరు (హాజరు) తీసుకునేది, బండ్లను వార్డులకు పంపేది, రాని మనిషి బదులు ఇంకొకరిని సర్దేది ఆయనే. జీతం మాత్రం వర్కర్‌దే. పోస్టు పేరు చూసి కాకుండా చేసే పని చూసి కేటగిరీ నిర్ణయించాలి.

2016 అక్టోబరులో జగ్‌జీత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు సమాన పనికి సమాన వేతనం అంది. రెగ్యులర్ ఉద్యోగితో సమానంగా పనిచేసే తాత్కాలిక ఉద్యోగికి ఆ స్కేలులో కనీస వేతనం ఇవ్వాలంది. గొప్ప తీర్పే. కానీ అది ఇచ్చింది స్కేలులో మొదటి మెట్టు, ఇంక్రిమెంట్లు కాదు. మనం అడగాల్సింది ఆ పై మెట్లు కూడా.

సర్వీసు లెక్క లేకపోతే ఇంక్రిమెంట్ అడగడం కుదరదు. చేరిన తేదీ, చేస్తున్న పని, మారిన ఏజెన్సీల పేర్లు, పీఎఫ్ నంబరు, ఇవన్నీ ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. పాత జీతం స్లిప్పులు పారేయకండి. చదువు రానివాళ్లకు పక్కవాళ్లు రాసిపెట్టండి. వచ్చే ఆదివారం ఇక్కడే కూర్చుంటాను, తెచ్చుకోండి, ఒక్కొక్కరిదీ చూసి లెక్క కట్టిస్తాను.