వీలునామాల్లో దొరికిన వాషింగ్టన్ వంశం

అందరికీ నమస్కారం.

జార్జి వాషింగ్టన్ పూర్వీకులు ఇంగ్లండ్‌లో ఏ ఊరివాళ్లన్నది ఆయన చనిపోయిన తొంభై ఏళ్లకు గానీ తేలలేదు. ఆయనకే ఆ సంగతి పెద్దగా పట్టలేదు. లండన్‌లో వంశచిహ్నాల వ్యవహారాలు చూసే సర్ ఐజక్ హర్డ్ వంశ వివరాలు అడుగుతూ ఉత్తరం రాస్తే, 1792లో జవాబిస్తూ, దీనిమీద తాను పెద్దగా దృష్టి పెట్టలేదన్నాడు. ముత్తాత జాన్ 1657 ప్రాంతంలో ఉత్తర ఇంగ్లండ్ నుంచి వర్జీనియా వచ్చాడని, లాంకషైరో యార్క్‌షైరో సరిగా గుర్తులేదని రాశాడు. అప్పుడాయన దేశాధ్యక్షుడు. ముత్తాత ఊరు వెతుక్కునే తీరిక ఎక్కడిది?

హర్డ్ ఊరుకోలేదు. నార్తాంప్టన్‌షైర్‌లో సల్‌గ్రేవ్ అనే ఊళ్లో ఒక వాషింగ్టన్ కుటుంబం ఉండేది. ఉన్ని వ్యాపారంలో డబ్బు చేసుకుని, 1539లో రాజు దగ్గర మఠం భూములు కొన్న కుటుంబం. అందులో జాన్, లారెన్స్ అనే అన్నదమ్ములు కనిపించారు. వర్జీనియా వచ్చిన అన్నదమ్ములూ జాన్, లారెన్సే. ఇంకేం, పేర్లు కలిశాయి, వంశవృక్షం తయారైంది. జిల్లా చరిత్ర పుస్తకాల్లోనూ అదే అచ్చయింది. దాదాపు డెబ్భై ఏళ్లు అందరూ నమ్మారు.

1866లో జోసెఫ్ లెమ్యుయెల్ చెస్టర్ దాన్ని కూల్చేశాడు. లండన్‌లో స్థిరపడిన అమెరికన్ ఆయన. చర్చి రిజిస్టర్లను పేజీలకు పేజీలు చేత్తో ఎత్తి రాసుకున్న మనిషి. సల్‌గ్రేవ్ జాన్‌కు సర్ బిరుదుంది. వర్జీనియా జాన్ 1675లో వీలునామా రాసుకున్నాడు, అందులో ఎక్కడా సర్ లేదు. ఆ కాలంలో ఉన్న బిరుదును ఎవరు వదులుకుంటారు? ఇద్దరూ వేరు. సరే, మరి అసలు జాన్ ఎవరు? వెతుకుతూనే 1882లో చెస్టర్ చనిపోయాడు.

ఇక్కడ కాస్త కాగితాల సంగతి చెప్పాలి. 1538లో థామస్ క్రామ్‌వెల్ ఉత్తర్వుతో ఇంగ్లండ్‌లో ప్రతి పారిష్ చర్చిలోనూ బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాలు పుస్తకంలో రాయడం మొదలైంది. తేదీలు చదివేటప్పుడు జాగ్రత్త కావాలి. 1752 దాకా వాళ్లకు కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది, అందుకే జనవరి, ఫిబ్రవరి తేదీలకు రెండు సంవత్సరాలు రాస్తాం. జార్జి వాషింగ్టన్ పుట్టింది 1731/32 ఫిబ్రవరి 11న. అదే ఇప్పటి లెక్కలో 1732 ఫిబ్రవరి 22. అదైనా ఇంట్లో బైబిల్లో రాసిపెట్టుకోబట్టి తెలిసింది. వర్జీనియాలో చర్చి పుస్తకాలు చాలా పోయాయి. అమెరికా అంతర్యుద్ధంలో (సివిల్ వార్) కొన్ని కోర్టులే తగలబడ్డాయి. భార్య మార్తా వాషింగ్టన్ వీలునామాను ఆ యుద్ధంలో ఒక ఉత్తరాది సైనికాధికారి తీసుకుపోతే, చివరికది బ్యాంకర్ జె.పి. మోర్గాన్ సేకరణలో తేలింది. వర్జీనియా రాష్ట్రం అమెరికా సుప్రీంకోర్టుకెక్కాక, 1915లో గానీ అది వెనక్కి రాలేదు.

మళ్లీ ముత్తాత దగ్గరికి వద్దాం. 1883 నుంచి హెన్రీ ఫిట్జ్‌గిల్బర్ట్ వాటర్స్ లండన్‌లో పాత వీలునామాలు వరసపెట్టి చదువుతున్నాడు. మసాచుసెట్స్‌లోని సేలం ఆయన ఊరు. ఒక్క వాషింగ్టన్ కోసమే కాదు, అమెరికా వెళ్లిన ఏ కుటుంబం పేరు కనిపించినా రాసుకోవడమే పని. హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి పేరిచ్చిన జాన్ హార్వర్డ్ కుటుంబాన్ని బయటికి తీసిందీ ఆయనే. 1889లో ఆయనకు దొరికిన ముఖ్యమైన కాగితం వీలునామా కూడా కాదు. హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లోని ట్రింగ్ ఊళ్లో ఆంఫిలిస్ వాషింగ్టన్ అనే వితంతువు వీలునామా రాయకుండా చనిపోయింది. ఆమె ఆస్తి చూసుకునే అధికారాన్ని 1655/56 ఫిబ్రవరిలో పెద్దకొడుకు జాన్‌కు ఇస్తూ కోర్టు రాసిన నాలుగు ముక్కలు అవి. సరిగ్గా ఆ తరువాతి ఏడే వర్జీనియాలో ఒక జాన్ వాషింగ్టన్ కనిపిస్తాడు. సీ హార్స్ అనే ఓడలో మేట్‌గా (కెప్టెన్ కింది అధికారిగా) వచ్చాడు, ఓడ పొటోమాక్ నదిలో ఇసుకకు తగిలి ఆగిపోయింది. ఇతను అక్కడే ఉండిపోయి నథానియెల్ పోప్ కూతురు ఆన్‌ను పెళ్లాడాడు.

ఒక్క పేరు కలిసినంత మాత్రాన నమ్మితే హర్డ్ చేసిన పనే మళ్లీ చేసినట్టు. కాబట్టి ట్రింగ్ చర్చి రిజిస్టర్ తీశారు. లారెన్స్ వాషింగ్టన్ అనే తండ్రి పిల్లలుగా 1635లో లారెన్స్, ఆ తరువాత ఎలిజబెత్, విలియం బాప్తిస్మం పొందారు. జాన్ బాప్తిస్మం మాత్రం అందులో లేదు! ఆ లోటు తీర్చింది ఆండ్రూ నోలింగ్ అనే ట్రింగ్ ఆసామి వీలునామా. అది 1649/50 జనవరి నాటిది. తన గాడ్‌సన్ (బాప్తిస్మంలో తాను పూచీపడ్డ పిల్లవాడు) లారెన్స్ వాషింగ్టన్‌కు భూమి రాశాడు, జాన్, విలియం, ఎలిజబెత్, మార్గరెట్, మార్తాలకు డబ్బు రాశాడు. ఆంఫిలిస్‌ను 'డాటర్ ఇన్ లా' అన్నాడు. కోడలనుకుంటే అంతా తప్పుతుంది. ఆ రోజుల్లో ఆ మాటకు సవతి కూతురని కూడా అర్థం. అంటే నోలింగ్ ఆమెకు మారుతండ్రి. రక్తసంబంధం లేని మనిషి తన ఆస్తి పంచుతూ ఆరుగురు పిల్లల పేర్లూ ఒక్కచోట రాసిపెట్టాడు.

ఇప్పుడు వర్జీనియా వైపు చూడండి. 1675 వీలునామాలో జాన్ తన చెల్లెలు మార్తాకు పది పౌండ్లు, నాలుగు వేల పౌండ్ల పొగాకు రాశాడు, వర్జీనియా వచ్చాక ఏడాది పాటు ఉండే ఏర్పాటు కూడా చేశాడు. మార్తా వచ్చింది, స్టాఫర్డ్ కౌంటీలో పెళ్లి చేసుకుని స్థిరపడింది. 1697లో వీలునామా రాస్తూ ఇంగ్లండ్‌లో ఉన్న అక్కచెల్లెళ్లకు పొగాకు పంపమంది. వాళ్ల పేర్లు ఎలిజబెత్, మార్గరెట్. అక్కడ నోలింగ్ జాబితా, ఇక్కడ మార్తా జాబితా. మధ్యలో సముద్రం, దాదాపు యాభై ఏళ్లు. పేర్లు పొల్లుపోలేదు. నా దృష్టిలో ఈ కేసు మొత్తంలో బలమైన సాక్ష్యం మార్తాదే. జాన్ గురించి జాన్ కంటే చెల్లెలూ, అమ్మ మారుతండ్రీ ఎక్కువ చెప్పారు. ఇంటిపేరు మోసే మగవాళ్ల వరుసనే పట్టుకుని పోతే ఇవి కంటపడవు.

ఆంఫిలిస్ భర్త లారెన్స్ వాషింగ్టన్ ఆక్స్‌ఫర్డ్‌లో బ్రేస్‌నోస్ కాలేజీ ఫెలో (కాలేజీ సభ్యుడు), తరువాత ఎసెక్స్‌లో పర్లీ చర్చి రెక్టర్ (పాస్టరు). అప్పట్లో ఫెలోలు పెళ్లి చేసుకోకూడదు, చేసుకుంటే ఆ పదవి వదులుకోవాల్సిందే. ఇక రాజుకూ పార్లమెంటుకూ యుద్ధం నడుస్తున్న 1643లో పార్లమెంటు పక్షంవాళ్లు రాజభక్తుడని, సారా కొట్ల చుట్టూ తిరుగుతాడని నిందవేసి చర్చి నుంచి కూడా తీసేశారు. ఆ తాగుడు ఆరోపణ రాజకీయమని నా అనుమానం. శత్రువులు అచ్చువేసిన జాబితాలోని మాట అది. ఆయన 1653లో మాల్డన్‌లో చనిపోయాడు. పిల్లలకు మిగిల్చింది తక్కువే, కొడుకు ఓడెక్కడానికి కారణం వెతకనక్కర్లేదు. తమాషా ఏమిటంటే ఈయన సల్‌గ్రేవ్ కుటుంబంవాడే, హర్డ్ పట్టుకున్న లారెన్స్ ఈయనే. వలసవచ్చిన తమ్ముడనుకున్న మనిషి, వలసవచ్చినవాళ్ల తండ్రి! హర్డ్‌కు కుటుంబం దొరికింది, తరం తప్పింది.

ఇదే వీలునామాల్లో ఇంకొకళ్ల వంశాలూ ఉన్నాయి. 1743లో తండ్రి అగస్టిన్ చనిపోయినప్పుడు పదకొండేళ్ల జార్జికి వీలునామా ద్వారా పదిమంది బానిసలు దక్కారు. మంచాలు, పశువుల్లా మనుషులూ పంపకంలో ఉన్నారు. వర్జీనియాలో 1662 చట్టం ప్రకారం బిడ్డకు తల్లి స్థితే వచ్చేది, అందుకని కాగితాల్లో తల్లి పేరుంటుంది, తండ్రిది తరచుగా ఉండదు. 1799లో వాషింగ్టన్ తయారు చేయించిన జాబితాలో మాత్రం ఎవరికి ఎవరు భార్య, భర్త ఎవరి బానిస అన్నది కూడా ఉంది. ఆయన ఎస్టేట్ మౌంట్ వెర్నన్‌లో 317 మంది. వీలునామాలో తన సొంత బానిసలు 123 మందిని భార్య తదనంతరం విడిచిపెట్టమన్నాడు. తన వెంట ఉండే సేవకుడు విలియం లీకి మాత్రం వెంటనే స్వేచ్ఛ, ఏడాదికి 30 డాలర్లు. మిగిలినవాళ్లలో 153 మంది మార్తా మొదటి భర్త కస్టిస్ ఆస్తి, వాళ్లను విడిపించే హక్కు ఆయనకు లేదు. ఈ రెండు వైపులవాళ్లూ ఒకరినొకరు పెళ్లి చేసుకున్నారు. భర్తకు స్వేచ్ఛ, భార్యాబిడ్డలకు బానిసత్వం. 1802లో మార్తా పోయాక ఆ కస్టిస్ వాటా మనుషులు ఆమె నలుగురు మనవలు, మనవరాళ్లకు పంపకమయ్యారు. ఆ కుటుంబాలను ఈ రోజు వెతికే వాళ్లకు మౌంట్ వెర్నన్ ఒక్కటే చాలదు, ఆ నలుగురి ఇళ్ల కాగితాలూ తిరగేయాలి. వాళ్లకూ దారి మారుతండ్రుల, పక్కింటివాళ్ల వీలునామాల్లోంచే.

ప్రశ్నలుంటే అడగండి.