రంగస్థలం కబుర్లు: ఈడిపస్ (గడియారం, ఇసుక)

మరిది: నమస్తే. పోయినసారి మాటిచ్చాం కదా, ఇవాళ ఈడిపస్. తెలియకుండానే తండ్రిని చంపి, తల్లిని పెళ్లాడిన రాజు గురించిన పాత గ్రీకు నాటకం.

వదిన: సరే, చెప్పు.

మరిది: దాన్ని ఈ కాలానికి మార్చి బ్రిటిష్ దర్శకుడు రాబర్ట్ ఐక్ తీసిన నాటకం ఇది. 2018లో ఆమ్‌స్టర్‌డామ్‌లో, 2024లో లండన్‌లో వేశారు. ఈడిపస్ ఇక్కడ రాజు కాదు, ఎన్నికల్లో గెలవబోతున్న నాయకుడు. ఫలితాల రాత్రి. బర్త్ సర్టిఫికెట్ బయటపెడతానని జనానికి మాటిస్తాడు. వేదిక మీద గడియారం సున్నా వైపు నడుస్తుంటుంది.

వదిన: ఆ గడియారమే నాకు మింగుడుపడదు. కథ అందరికీ తెలిసిందేగా!

మరిది: తెలుసు కాబట్టే టెన్షన్. ఇంకెంతసేపో కూడా కళ్లముందే కనిపిస్తుంది.

వదిన: అదే 'ది ఐలండ్'లో ఇసుక సీను చూడు...

మరిది: వచ్చేసింది ఇసుక!

వదిన: రానీ. 1973, దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్. అథోల్ ఫుగార్డ్, జాన్ కాని, విన్‌స్టన్ ఎన్‌ట్షోనా కలిసి అల్లిన నాటకం. రాబెన్ ఐలండ్ జైల్లో ఇద్దరు ఖైదీలు, పాత్రల పేర్లూ జాన్, విన్‌స్టనే. ఒకడు ఇసుక తవ్వి, బండిలో తోసుకెళ్లి రెండోవాడి దగ్గర పోస్తాడు. రెండోవాడు తెచ్చి ఇతని దగ్గర పోస్తాడు. పని తరగదు. మాటల్లేవు, వేదిక మీద ఇసుకా లేదు. అంతా అభినయమే.

మరిది: బాగుంది, కానీ ఇందులో గ్రీకు ఎక్కడుంది?

వదిన: జైలు కచేరీకి వాళ్లు రిహార్సల్ చేసేది యాంటిగొనీయే. రాజు వద్దన్నా అన్నకు అంత్యక్రియలు చేసిన అమ్మాయి కథ.

మరిది: సరే. మరి టైము?

వదిన: జాన్‌కి శిక్ష తగ్గి ఇంక మూడు నెలలే మిగులుతుంది. విన్‌స్టన్‌ది యావజ్జీవం. జాన్ ఎలా విడుదలవుతాడో, ఇంటికెలా చేరతాడో విన్‌స్టనే ఒక్కొక్కటీ వర్ణిస్తాడు. వింటున్న జాన్ తట్టుకోలేడు. మీ ఈడిపస్ గడియారం ఎంత భయపెట్టినా చివరికి ఆగుతుంది. విన్‌స్టన్‌కి లెక్కపెట్టుకోవడానికే ఏమీ లేదు.

మరిది: ...అవును. అలా ఆలోచించలేదు వదినా.

వదిన: నిజంగా ఆ జైల్లోనే ఖైదీలు యాంటిగొనీ వేశారు. మండేలా అందులో క్రియాన్.

మరిది: క్రియానా? శిక్ష వేసే రాజు వేషమా?

వదిన: ఆత్మకథలో ఆయనే రాసుకున్నాడు.

మరిది: అంటే క్రియాన్ వైపూ కొంత న్యాయం ఉందనేగా?

వదిన: శవాన్ని పూడ్చనివ్వనివాడికి న్యాయమేంటి!

మరిది: రాజ్యం నడపాలి కదా... అయ్యో, ఈడిపస్‌లో అతని తల్లీ భార్యా అయిన జొకాస్టా గురించి చెప్పనేలేదు. ఆ వేషం వేసిన లెస్లీ మాన్‌విల్‌కి 2025లో ఆలివియర్ అవార్డు, అంటే లండన్ నాటకాలకిచ్చే పెద్ద అవార్డు వచ్చింది.

వదిన: రావాల్సిందే. ముందు క్రియాన్ సంగతి తేల్చు.

మరిది: టైమైపోయింది వదినా.

వదిన: మైకు కట్టేశాక తేలుద్దాం, పద.