ఎత్తు కాదు, వాలు చూడండి

అధ్యక్షుల వారికి, వేదిక మీది పెద్దలకు, వడ్రంగం చేసే, నేర్చుకునే మిత్రులందరికీ నమస్కారం. పొగడ్తలు సభ చివర్లో ఎలాగూ ఉంటాయి, నేరుగా బిస్కట్ జాయినర్ దగ్గరికి వెళ్దాం. రెండు చెక్కల అంచుల్లో గాడి కోసే మెషిన్ ఇది. ఆ గాడుల్లో బిస్కట్ అనే పల్చటి చెక్క బిళ్ల పెట్టి, జిగురుతో రెంటినీ అతుకుతాం.

1950లలో స్విట్జర్లాండ్ వడ్రంగి హెర్మన్ స్టైనర్ ఈ పద్ధతి కనిపెట్టాడు. అప్పుడే కొత్తగా వస్తున్న చిప్‌బోర్డును, అంటే చెక్క ముక్కల్ని జిగురుతో నొక్కి చేసిన పలకను, తేలిగ్గా అతకడం ఎలా అన్నది ఆయన సమస్య. నొక్కి చేసిన బీచ్ చెక్క బిస్కట్ జిగురులోని తడికి ఉబ్బి గాడిలో బిగుసుకుంటుంది. ఇరవై నంబరు బిస్కట్ 56 మి.మీ. పొడవు, 23 వెడల్పు, 4 మందం. ఇందులో మాయ ఏమీ లేదు. ఉబ్బడం బిస్కట్ పని. రెండు చెక్కల ముఖాలు సమంగా కలవాలంటే మాత్రం మెషిన్ సరిగా ఉండాలి.

గాడి లోతు, గాడి నడుమ ఎక్కడ పడాలో చెక్క మీద గీసుకునే మధ్య గీత, చెక్క పై ముఖం మీద ఆనే మెషిన్ పలక ఫెన్స్ అని మూడు విషయాలు అనుకుని వచ్చాను. మొదటి రెండూ త్వరగా ముగిస్తాను.

లోతుకి ఒక పరీక్ష. గాడిలో పొడి బిస్కట్ పెట్టి, చెక్క అంచు వెంబడి పెన్సిల్‌తో గీయండి. బిస్కట్ తీసి, రెండో అంచు లోపలికి పోయేలా తిప్పి పెట్టి, మళ్లీ గీయండి. రెండు గీతల మధ్య సుమారు ఒకటిన్నర మిల్లీమీటరు ఉండాలి. రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడితే జిగురుకి చోటు లేనట్టే, లోతు పెంచాలి. మధ్య గీత కాస్త తప్పినా భయం లేదు, బిస్కట్ గాడిలో అటూ ఇటూ కొన్ని మిల్లీమీటర్లు జరుగుతుంది.

ఇక ఫెన్స్. నా బాధంతా దీని గురించే. ముఖాలు కలవలేదంటే అందరూ ఎత్తు స్కేలు తిప్పుతారు. అయ్యా, రెండు చెక్కల్నీ పై ముఖం నుంచే కోస్తే ఎత్తు 10 ఉన్నా 9.7 ఉన్నా రెండింట్లోనూ ఒకే తప్పు, అతికితే సరిపోతుంది! కొంపముంచేది వాలు. ఫెన్స్ బ్లేడుకి సమాంతరంగా లేకపోతే ఒక చెక్కలో గాడి ఎడమ చివర పైకి లేస్తుంది. ఎదుటి చెక్కలోనూ మీ ఎడమ చివరే లేస్తుంది. కానీ రెంటినీ ఎదురెదురుగా పెడితే ఆ ఎడమలు రెండూ వేర్వేరు వైపులకు పోతాయి. గాడులు కత్తెరలా అడ్డం పడతాయి. తప్పు రెట్టింపవుతుంది.

చెక్కను బోర్లించి అదే చోట రెండోసారి కోసి, గాడి వెడల్పు కాలేదు కాబట్టి మెషిన్ బాగుందనేవారు ఎందరో. ఆ పరీక్ష ఎత్తునే చెబుతుంది. బోర్లించినా వాలు అదే వాలు, కొత్త కోత పాత గాడిలోనే పడుతుంది. దయచేసి ఆ పరీక్షతో ఆగిపోకండి.

ముందు ప్లగ్ తీయండి. ఫెన్స్, బేస్ (మెషిన్ అడుగు భాగం) మూలల్లో రంపపొట్టు బ్రష్‌తో దులపండి. తర్వాత పనికిరాని ముక్కలో ఒక గాడి కోసి, మెషిన్ పట్టుకున్నప్పుడు నిలబడే వైపు నుంచే చూస్తూ, పై ముఖం నుంచి గాడి పెదవి దాకా కాలిపర్ అనే సన్నని కొలతల పనిముట్టుతో రెండు చివర్లా కొలవండి. ఎడమ 8.2, కుడి 8.0 అనుకోండి. 0.2 ఏం లెక్క అంటారా? గాడి నోరు సుమారు 65 మి.మీ. రెండు చెక్కలు కలిస్తే 0.4. ఒకే బిస్కట్‌తో అతికిన 300 మి.మీ. పలకకి ఆ చివరా ఈ చివరా కలిపి దాదాపు 1.8 మి.మీ. మెలిక!

తప్పు ఎక్కడుందో తేల్చండి. ఫెన్స్ పైకెత్తేసి, మెషిన్ బేస్‌నీ చెక్కనీ ఒకే చదునైన పలక మీద పెట్టి కోయండి. ఈసారి గాడి కింది ముఖానికి సమాంతరంగా వస్తే బేస్ బాగుంది, తప్పు ఫెన్స్‌దే. ఫెన్స్ మరలు వదులు చేసి, మూలమట్టానికి సరిగ్గా ఉన్న దిమ్మకి ఆనించి, రెండు వైపులా కొంచెం కొంచెంగా మార్చి మార్చి బిగించండి. ఒక వైపు ఒకేసారి బిగిస్తే ఫెన్స్ అటు లాగుతుంది. అప్పటికీ కుదరకపోతే కొలత ఎక్కువున్న వైపు, అంటే ఇక్కడ ఎడమన, ఫెన్స్ కింద మాస్కింగ్ టేపు ఒక పొర అంటించి, కోసి, కొలిచి, కావలిస్తే ఇంకో పొర.

ఇంకో మాట, చేతి గురించి. ఇంత సరిచేసిన మెషిన్‌ని కూడా చెయ్యి పాడు చేస్తుంది. ఎడమ చెయ్యి ఫెన్స్ పిడిని చెక్కకి అదమాలి, కుడి చెయ్యి తోయడానికే. మోటారు బరువుకి వెనక భాగం జారితే గాడి లోపలికి వెళ్లేకొద్దీ పై ముఖం వైపు ఎక్కుతుంది. బ్లేడు పూర్తి వేగం అందుకున్నాకే చెక్కలోకి దింపండి, బయటికి వచ్చాకే ఆపండి.

బ్లేడు మార్చినా, మెషిన్ కింద పడినా ఈ కొలత మళ్లీ తీయాలి. కాలిపర్, రెండు ముక్కలు ఇక్కడ బల్ల మీద ఉన్నాయి. రండి, కోసి కొలుద్దాం.