పదింటికి కుర్చీ ఖాళీ, ఏడాది చివర ఎఫ్ గ్రేడు

అందరికీ నమస్కారం. ముందే చెప్తున్నా, ఈ రోజు కోపంగానే మాట్లాడతాను.

2025 ఆగస్టులో టెక్సస్ విద్యాశాఖ స్కూళ్లకు ఏ నుంచి ఎఫ్ దాకా వేసే గ్రేడ్లను రెండేళ్లవి ఒకేసారి బయటపెట్టింది. ఆ గ్రేడ్ల మీద కోర్టు కేసులు, ఆలస్యాలు, ఆ గొడవంతా మీకు తెలిసిందే. అప్పటి నుంచి మన డాలస్ తెలుగువాళ్లు ఎక్కడ కలిసినా, చదువు ఆగిపోయే పిల్లల కోసం ప్రభుత్వ డబ్బుతో బయటి సంస్థలు నడిపే ఆల్టర్నేటివ్ చార్టర్ స్కూళ్ల గురించి ఒకటే మాట. "ఈ చిన్న చిన్న ఆల్టర్నేటివ్ చార్టర్లకు డబ్బులు దండగ అండీ. మార్కులు రావు, మూసేస్తే పోలా?"

పోదు. ఎందుకంటే ఆ స్కూళ్లను ముంచుతున్నది మార్కులు కాదు. హాజరు పట్టీ! మార్కుల దగ్గరికి తర్వాత వద్దాం, ముందు ఆ పట్టీ చూడండి.

టెక్సస్‌లో చార్టర్‌ను ఒక స్కూల్ డిస్ట్రిక్ట్ కిందే, అంటే ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బడులన్నిటినీ నడిపే సంస్థ కిందే లెక్కేస్తారు. రెండు వందల మంది పిల్లలున్నా సరే, డాలస్ పక్కనున్న పెద్ద ఊరు ఫ్రిస్కో లాగే అదీ ఒక డిస్ట్రిక్టే. కానీ ఫ్రిస్కోకు మనం కట్టే ఇంటి పన్ను వెళ్తుంది. చార్టర్‌కు ఆ పన్నులో పైసా రాదు, సొంతంగా పన్ను వేసుకునే హక్కూ లేదు. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు అన్నట్టుంది వాళ్ల పని. వచ్చేదాంట్లో చాలా భాగం రాష్ట్రం నుంచే. రాష్ట్రం ఎలా ఇస్తుంది? చేరిన పిల్లల్ని బట్టి కాదు, సగటున రోజూ వచ్చిన పిల్లల్ని బట్టి. హాజరుకు రోజులో ఒక సమయం పెట్టుకుంటారు, చాలా స్కూళ్లలో అది పొద్దున పది ప్రాంతం. ఆ క్షణంలో కుర్చీలో మనిషి ఉంటే డబ్బు. లేకపోతే లేదు.

ఇప్పుడు ఆ కుర్చీలో కూర్చోవాల్సింది ఎవరు? ఆల్టర్నేటివ్ స్కూలుగా గుర్తింపు కావాలంటే పిల్లల్లో కనీసం 75 శాతం మంది చదువు మధ్యలో ఆపేసే ప్రమాదం ఉన్నవాళ్లై ఉండాలి. అది విద్యాశాఖ నిబంధనల్లో ఉన్న షరతే. గర్భంతో ఉన్న అమ్మాయి. పసిబిడ్డ ఉన్న తల్లి. ఇల్లు లేక ఈ రోజు పిన్ని ఇంట్లో, రేపు కారులో పడుకునే కుర్రాడు. జువెనైల్ కోర్టు ప్రొబేషన్‌లో ఉన్నవాడు. రాత్రంతా గోదాములో పెట్టెలు మోసి తెల్లారి ఇల్లు చేరేవాడు పదింటికి బడిలో ఎలా ఉంటాడండీ?

లెక్క చూద్దాం. పిల్లవాడికి ఏడాదికి ఇచ్చే మూల మొత్తం 6,160 డాలర్లు ఉండేది. 2019 నుంచి ఆరేళ్లు కదల్లేదు. 2025లో 55 డాలర్లు పెంచి 6,215 చేశారు. మీద వేరే అలవెన్సులు ఉంటాయి, వాటిని పక్కన పెట్టండి. రెండు వందల మంది చేరారు, రోజుకు నూటనలభై మంది వస్తున్నారు అనుకుందాం. మిగతా అరవై మంది లెక్క ఏమైంది? 3,72,900 డాలర్లు పోయాయి! ఖర్చేమైనా తగ్గిందా? లెక్కల మాస్టారి జీతం తగ్గిందా? బిల్డింగ్ అద్దె తగ్గిందా? రెండు వందల మందికీ ఆల్జీబ్రా వన్ చెప్పాల్సిందే, ఇంగ్లిష్ రెండు పరీక్షలు, బయాలజీ, అమెరికా చరిత్ర, అన్నీ రాయించాల్సిందే. డబ్బు తగ్గితే మంచి టీచర్ పక్క డిస్ట్రిక్ట్‌కు పోతాడు. టీచర్ పోతే మార్కులు పోతాయి. అప్పుడొచ్చి గ్రేడు వేస్తారు!

ఇక్కడ నాకు కడుపు మండే విషయం ఒకటి ఉంది. 2013లో చట్టం తెచ్చారు. చార్టర్ వరుసగా మూడేళ్లు ఫెయిలైతే లైసెన్సు రద్దు. ఫెయిల్ అంటే చదువులోనే కాదు, ఆర్థిక రేటింగ్‌లో ఫెయిలైనా అదే లెక్క. రెండూ కలిపి కూడా మూడేళ్లు లెక్కపెట్టొచ్చు. అర్థమైందా? ఒక ఏడాది డబ్బులో, ఒక ఏడాది మార్కుల్లో, మళ్లీ ఒక ఏడాది డబ్బులో తప్పితే తాళం. ఆ రెంటికీ వేరు ఒక్కటే, ఆ పదింటి హాజరు. ఒకే తప్పుకు రెండు వైపుల నుంచీ కొడుతున్నారు.

అదే హ్యూస్టన్ లాంటి మామూలు డిస్ట్రిక్ట్‌లో ఏం జరిగింది? 2023 జూన్‌లో రాష్ట్రం ఎన్నికైన బోర్డును పక్కనపెట్టి డిస్ట్రిక్ట్‌ను చేతిలోకి తీసుకుంది. అది మంచా చెడా అన్నది వేరే వీడియో. కానీ డిస్ట్రిక్ట్ ఉంది, పిల్లలకు బడి ఉంది. చార్టర్ రద్దైతే ఆ బిడ్డతల్లి ఎక్కడికి వెళ్లాలి? ఆమె అప్పటికే ఒక బడి వదిలేసి వచ్చింది!

ఆల్టర్నేటివ్ స్కూళ్లకు గ్రేడుల్లో సడలింపు ఉంది కదా అంటారు. ఉంది, కాదనను. డబ్బులో ఉందా? సాయంత్రం క్లాసులు పెట్టుకునే ఫ్లెక్సిబుల్ ప్రోగ్రామ్ ఉంది కదా అంటారు. అక్కడా కూర్చున్న నిమిషాలే లెక్కపెడతారు. రాని పిల్లవాడి కోసం ఇంటికి వెళ్లి తలుపు కొట్టిన కౌన్సెలర్ గంటకు లెక్క లేదు.

మన దగ్గర సంగతి గుర్తు చేసుకోండి. ఏపీలో, తెలంగాణలో ఓపెన్ స్కూల్ సొసైటీలు ఉన్నాయి. పెళ్లయ్యాక, పనిలో చేరాక ఓపెన్ టెన్త్ కట్టినవాళ్లు మీ చుట్టాల్లోనే ఉంటారు. వాళ్ల ఫలితాలను కార్పొరేట్ స్కూల్ ర్యాంకుల పక్కన పెట్టి "మూసేయండి" అన్నామా ఎప్పుడైనా? మరి ఇక్కడికొచ్చాక అందరినీ ఒకే గాటన ఎందుకు కడుతున్నాం? గ్రేడు చూసి ఇల్లు కొనడం అలవాటైంది మనకు. డాలస్ పక్కన కొపెల్‌లో ఫలానా స్కూలుకు "ఏ" గ్రేడు వచ్చిందని మురిసిపోతాం. మన పిల్లలు పదింటికి బడిలో ఉండేది మనం కారులో దింపుతున్నాం కాబట్టి!

హాజరుకు డబ్బు ముడిపెడితేనే స్కూళ్లు పిల్లల్ని రప్పిస్తాయని ఒక వాదన ఉంది. పెద్ద స్కూళ్ల విషయంలో ఒప్పుకుంటాను. కానీ రాత్రి షిఫ్టు వాడిని రప్పించాలంటే అదనంగా ఒక మనిషి కావాలి, ఒక వ్యాన్ కావాలి. ఆ వ్యాన్ డబ్బునే కదా మీరు కోసేసింది?

ఇంకొకటి. 2025 మే నెలలో గవర్నర్ ప్రైవేటు చదువుల ఖాతాల చట్టం మీద, అంటే ప్రైవేటు బడి ఫీజులకు ప్రభుత్వ డబ్బిచ్చే చట్టం మీద సంతకం పెట్టారు. వంద కోట్ల డాలర్లు! ఆ డబ్బు తీసుకునే ప్రైవేటు స్కూలుకు ఏ నుంచి ఎఫ్ దాకా గ్రేడు ఉందా? లేదు. గ్రేడంతా ఈ పిల్లలకే.

దేశంలో చాలా రాష్ట్రాలు చేరిన పిల్లల లెక్కతోనే డబ్బిస్తున్నాయి. టెక్సస్ మొత్తానికి మార్చడం ఖర్చు అంటే, ముందు ఈ ఆల్టర్నేటివ్ స్కూళ్లకు మార్చండి. ఇక్కడి చట్టసభ మామూలుగా రెండేళ్లకోసారే కూర్చుంటుంది, మళ్లీ 2027 జనవరిలో. ఓటు హక్కు ఉన్నవాళ్లు మీ ప్రతినిధి ఆఫీసుకు ఫోన్ చేసి ఒక్క ప్రశ్న అడగండి: "హాజరు లెక్కా, చేరిన లెక్కా, మీరు దేనికి ఓటేస్తారు?" ఏం జవాబిచ్చారో నాకు రాయండి. పేరుతో సహా వచ్చే వీడియోలో చదువుతాను.